తాబేలు గుండు దిగి వచ్చిన ఆకలి

మా చిన్నప్పుడు... ఖాజాగూడలో మా ఇంటి వెనకాల తాబేలు గుండు ఉండేది. వీపు ఉబ్బి, మెడ చాచినట్టుండే పెద్ద రాయి.

ఎవరి మనసు బాగాలేకపోయినా అమ్మది ఒకటే మాట. "ఇంట్ల ఏడ్వకు. గుండు మీదికి పో."

వెళ్ళినవాళ్ళను ఎవరూ పిలవకూడదు. ఎందుకు ఏడ్చావని అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళే దిగి రావాలి... అదీ మా ఇంటి కట్టుబాటు.

ఎక్కువగా వెళ్ళేది మా చెల్లెలు సునీత. చిన్న మాటకే కందిపోయే పిల్ల. ఎండకు కాగిన రాయి మీద బోర్లా పడుకునేది. "అగో, తాబేలు మీద ఇంకో తాబేలు ఎక్కింది" అని పక్కింటి అత్త నవ్వేది. కింద చెరువు, చుట్టూ సీతాఫలం చెట్లు, గాలి... పొద్దు వాలాక దిగి వచ్చి, "అక్కా, ఆకలైతుంది" అనేది. ఆ మాట వినగానే అమ్మ పొయ్యి దగ్గరే కళ్ళు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పుకునేది.

ఇప్పుడు సునీత పుప్పాలగూడలో, ఎక్కడో పైఅంతస్తులో ఉంటుంది. ఆఫీసు మానేసింది. కర్టెన్లు తీయనివ్వదు. అన్నం పెడితే తింటుంది... ఆకలి అని మాత్రం అనదు. మందులతో పాటు రోజూ కాసేపు చెట్ల మధ్య తిప్పమని డాక్టరమ్మ చెప్పింది.

నాకు తాబేలు గుండే గుర్తొచ్చింది.

"అక్కా... ఇంక ఉన్నదా అది?" అంది కారులో. ఎన్నాళ్ళకో తనంతట తాను అడిగిన మాట.

"గంత పెద్ద రాయి, యాడికి పోతదే?" అన్నాను.

చేరేసరికి రేకుల గోడ. సందులోంచి చూస్తే పెద్ద గొయ్యి. అడుగున పగలగొట్టిన రాళ్ళ కుప్ప.

వాచ్‌మన్ వచ్చాడు. "ఏంది మేడం, ఫ్లాట్ చూస్తందుకు వచ్చిన్రా? ఆఫీస్ అటు దిక్కున్నది."

సునీత ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "పోదాం పా అక్కా" అని వెళ్ళి కారులో కూర్చుంది. ఆ రోజు నుంచి గడప దాటలేదు.

ప్రార్థన మానలేదు నేను. దేవుణ్ణి 'నా కొండా' అని పిలవడం చిన్నప్పటి అలవాటు... ఇప్పుడు ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను.

మీ చిన్నప్పుడు మీరెక్కడికి వెళ్ళి ఏడ్చేవారు? ఆ చోటు ఇంకా మిగిలి ఉంటే చెప్పండి... చుట్టూ గోడ లేకుండా, ఏం పనిమీద వచ్చారని ఎవరూ అడగకుండా ఉంటే చాలు.

మా చెల్లెల్ని తీసుకొస్తాను.