ఎవరూ అడగని బకెట్లు

ప్లాస్టిక్ బకెట్లు పోతపోసే ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని అందరూ పొదుపు మావయ్య అనేవారు. నేల మీద నాలుగు ప్లాస్టిక్ గింజలు కనిపిస్తే చాలు, వంగి ఏరి డబ్బాలో వేసేవాడు. వెనక ఎవరైనా కిసుక్కున నవ్వినా పట్టించుకునేవాడు కాదు.

ఆయన వచ్చాక అక్కడ చాలా మారింది. అంతకుముందు అచ్చు మార్చాల్సి వచ్చినప్పుడల్లా బోల్టులు విప్పే పానాల కోసం ఆవరణ దాటి స్టోరుకి పరిగెత్తేవారు. ఆయన వాటిని మిషన్ పక్కనే గోడకి వేలాడదీయించాడు. రంగు మార్చిన ప్రతిసారీ, పాత రంగు పూర్తిగా పోయేదాకా బోలెడు సరుకు చెత్తలోకి పోయేది. ముందు తెలుపు, తర్వాత పసుపు, ఆపైన ఎరుపు, చివరికి నలుపు, అలా లేత రంగు నుంచి ముదురు రంగుకి వెళ్లమన్నాడు. చెత్త డబ్బాలు సగం కూడా నిండడం మానేశాయి. "అంతా నీ చేతిచలవయ్యా" అని యజమాని భుజం తట్టాడు. ఆ రోజంతా మావయ్య కాళ్లు నేల మీద ఆనలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మిషన్లు అంత చురుగ్గా నడవడం చూసి యజమానికి ఆశ పుట్టింది. ఆర్డరు ఉన్నా లేకపోయినా మిషన్ ఆగకూడదన్నాడు. ఎర్ర బకెట్లు వచ్చిపడుతూనే ఉన్నాయి. గోడౌను నిండింది, వరండా నిండింది, చివరికి భోజనాల గదిలోకి కూడా వచ్చాయి. పనివాళ్లు క్యారియర్లు చేత్తో పట్టుకుని బకెట్ల దొంతరల మధ్య నిలబడి తినేవారు.

"అడిగేవాళ్లు లేని సరుకు చేయడం కంటే పెద్ద వృథా ఏముందండీ?" అన్నాడు పొదుపు మావయ్య.

"మిషన్ ఆగితే నష్టమయ్యా. బకెట్టేమన్నా కుళ్లిపోతుందా?" అన్నాడు యజమాని.

కుళ్లలేదు గానీ పగిలాయి. పైబరువుకి అడుగున ఉన్నవి చీలాయి. ఎండ తగిలినవి ఒకవైపు వెలిసిపోయాయి. ఎన్నాళ్లనుంచో సరుకు కొంటున్న కొట్టాయన మూత ఉన్న చిన్న బకెట్లు కావాలని వస్తే, మిషన్ ఖాళీ లేదని తిప్పి పంపారు.

పగిలినవాటిని ముక్కలు చేసి మళ్లీ కరిగించమన్నాడు యజమాని. తను పోయించిన బకెట్లని పొదుపు మావయ్యే మోసుకెళ్లి గ్రైండరు దగ్గర పడేయాల్సి వచ్చింది. గ్రైండరు నడిపే ఆవిడ ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి, "మీరు పోతపొయ్యండి మావయ్యా, నేను పిండి కొడతా. ఇద్దరికీ చేతినిండా పనే" అంది. నవ్వించాలనే అంది. ఆయనకి ఒళ్లు మండింది.

ఇంటికెళ్తే, చవగ్గా వస్తున్నాయని భార్య సబ్బులు సంచీడు కొని తెచ్చింది.

"ఇంటిని కూడా గోడౌను చేసెయ్!" అని అరిచాడు.

"అక్కడ గట్టిగా అనలేని మాట ఇక్కడ అంటే ఏం లాభం?" అంది ఆవిడ. "ఈ సబ్బులు మనం వాడతాం. ఆ బకెట్లు ఎవరు వాడతారో మీ అయ్యగారిని అడగండి."

మర్నాడు ఉదయం ఆయన మిషన్ ఆపేశాడు. చప్పుడు ఆగగానే యజమాని ఆఫీసు గదిలోంచి ఊడిపడ్డాడు.

"ఎవర్నడిగి ఆపావ్?"

"అందర్నీ అడిగే ఆపానండీ. ఈ బకెట్లు ఎవరికీ వద్దట."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. అదే కొంప ముంచింది. యజమాని మొహం కందగడ్డలా అయింది. "బకెట్ల మీద అంత బెంగుంటే, వెళ్లి వాటికే కాపలా కాయి!" అని ఆయన్ని మిషన్ల దగ్గర్నుంచి తీసి గోడౌనులో వేశాడు.

పొదుపు మావయ్య దుమ్ము పట్టిన దొంతరల మధ్య స్టూలు వేసుకుని, పళ్లు కొరుక్కుంటూ కూర్చునేవాడు. ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చేవాడు. అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున, ప్యాకింగ్ మనిషి తోపుడుబండి నిండా బకెట్లు నెట్టుకొస్తుంటే చూసి, లేచి తలుపు మూసి గడియ పెట్టాడు.

"మావయ్యా, తలుపు తియ్యండి!"

"చోటు లేదు. ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడే పెట్టు."

"అయ్యగారు నన్ను తిడతారు."

"గోడౌను నాకప్పగించింది ఆయనే. నిండిందో లేదో నేనే చెప్పాలి."

బండి వెనక్కి వెళ్లింది. మధ్యాహ్నానికి మిషన్ చుట్టూ నడుమెత్తున బకెట్లు పేరుకున్నాయి. నడిపేవాడికి కదలడానికి జాగా లేకపోయింది. చేసేది లేక అతనే మిషన్ ఆపేశాడు.

యజమాని వచ్చి తలుపు బాదాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. మావయ్య తలుపు తీశాక లోపలికి వచ్చి, "ఏదీ, చోటెందుకు లేదు?" అంటూ ఒక దొంతరని పక్కకి నెట్టాడు. అడుగు బకెట్టు ఫెళ్లుమంది. దొంతరంతా ఒరిగి ఆయన కాళ్ల మీద కూలింది. ఆయన ఆ ముక్కల్లోంచి కాళ్లు లాక్కుని, చీలిన బకెట్టొకటి చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆర్డరు వస్తేనే అచ్చు ఎక్కించారు. కొట్టాయన దగ్గరికి యజమానే వెళ్లి, బతిమాలి మూత బకెట్ల పని తెచ్చుకున్నాడు. భోజనాల గది ఖాళీ అయింది, లాభమూ కనబడింది. కాకపోతే యజమాని, వచ్చిన ప్రతివాడితోనూ "ఈ పద్ధతి నేనే పెట్టించాను" అని చెప్పుకునేవాడు. పొదుపు మావయ్యని మాత్రం మిషన్ల దగ్గరికి మళ్లీ పిలవలేదు.

"పోనీలెండి, మీ మాటే నెగ్గిందిగా" అంది భార్య.

"మాట నెగ్గింది, మనిషి గోడౌనులో మిగిలాడు" అన్నాడాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఎంత సరుకు పిండి అయిపోయిందో! నోటితో చెప్పినప్పుడు వినడానికేం రోగం?"

ఆవిడ సర్దిన క్యారియరు అందుకుని ఆయన పనికి బయల్దేరాడు.