గుట్ట ఎక్కి దిగని మా ఆయన

ఈ రోజు కొండపాక అవతల గుట్టల్లో ఏటీవీ బండ్లు నడపడానికి వెళ్లాం. మోటారు సైకిల్‌లా హ్యాండిల్, కింద నాలుగు లావు టైర్లు ఉండే బండ్లవి. మా ఆయన ముందే వీడియోలన్నీ చూసేసి, దారంతా మాకు పాఠం చెప్పాడు. ఒక బండి మీద ఆయన, ఇంకో దాని మీద నేనూ, నా వెనక మా అత్తమ్మా.

గుట్ట ఎక్కడం బాగానే ఎక్కాడు. అవతల నిటారుగా దిగే రాళ్ల బాట చూసి మాత్రం అంచునే ఆగిపోయాడు. మేం పక్కనుంచి మెల్లగా దిగి, కింద నిలబడి చూస్తున్నాం. ఆయన కదలడు. వెనకవాళ్లు ఒకటే హారన్లు.

"ఏందిరా, గాడనే నిలవడ్డవ్?" అని అత్తమ్మ అరిచింది.

"ఏం లేదమ్మా, ఊరు మంచిగ కనవడుతుంది. చూస్తున్న!"

"చూసింది చాలు గని దిగు. అందరు నిన్నే చూస్తున్రు!"

చివరికి బండ్లవాళ్ల మనిషి పైకెళ్లి ఆ బండిని కిందికి తెచ్చాడు. మా ఆయన రాళ్లు పట్టుకుంటూ దాని వెనకాలే నడిచొచ్చాడు. నవ్వితే ఇంట్లో మాటలుండవని నేను పెదవి కొరుక్కున్నాను.

సాయంత్రం పక్కింటావిడ, "ఎట్లయింది తమ్మీ సవారీ?" అని అడిగింది.

"మస్తుండె అక్కా. దిగేకాడనే బ్రేకు పట్టేసింది" అన్నాడు.

అత్తమ్మ తల ఊపింది. "నిజమే బిడ్డా. వీడు దాని మీదికెల్లి కాలు తీస్తే గద!"

అప్పుడు గదిలోకి వెళ్లిన ఆయన ఇంకా బయటికి రాలేదు. అన్నానికి నేను పిలవాలా, అత్తమ్మ పిలవాలా? మీరే చెప్పండి.