రావమ్మ నారుమడి

రావమ్మను మొండిఘటం అననివాళ్లు నాగాయలంక అవతల ఆ ఊళ్లో లేరు. అననివ్వండి! ఆ మొండితనమే లేకపోతే ఆవిడ మూడెకరాలూ ఈపాటికి రొయ్యల చెరువైపోయేవి.

సముద్రపు పోటు ఏటికేడాది లోపలికి ఎక్కి వస్తోంది. కాలువ చివరి పొలాలు కదా, మంచినీళ్లు అందేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా మురుగు కాలువలోకి ఉప్పు ఎగదన్నుతుంది. నిరుడు ఉప్పును తట్టుకునే కొత్త వంగడం తెచ్చి, ఆ ధీమాతో రావమ్మే ఇంజను పెట్టి మురుగు కాలువ నీళ్లు నారుకు తోడింది. వారం తిరిగేసరికి నారంతా మాడిపోయింది.

"వచ్చే ఏడు కూడా ఇంతే అయితే రొయ్యల చెరువులు తవ్వే తిరుపతిరావుని పిలిచి మనమూ తవ్విచ్చేద్దాం," అన్నాడు భర్త వెంకటసుబ్బారావు. ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు.

ఈ ఏడు మళ్లీ అదే విత్తనం చల్లింది. నారు జానెడైనా ఎదగకముందే వానలు ముఖం చాటేశాయి. ఊరంతా మురుగు కాలువలో ఇంజన్లు దించింది. రావమ్మ మాత్రం ఆ నీళ్లు నాలుక మీద వేసుకుని థూ అని ఉమ్మేసింది.

"ఉప్పును తట్టుకునే రకమేగదే! ఇంకా భయమేంటి?" అన్నాడు వెంకటసుబ్బారావు.

"ఎదిగినాక తట్టుకుద్దండీ. పసినారు ఎట్టా తట్టుకుద్ది? చంటిపిల్లకి ఆవకాయ పెడతామా?"

మంచినీళ్ల చెరువు నుంచి రెండు పూటలా బిందెలు మోసింది. "నీకేమన్నా పిచ్చా అక్కా!" అని తిట్టిన పక్కింటి అమలమ్మే నాలుగో రోజున తనూ ఓ బిందె ఎత్తుకుంది. మడి పాలిపోయింది గానీ చావలేదు. పదకొండో రోజున కాలువ వచ్చింది. అబ్బ, ఆ పచ్చదనం చూసి తీరాలి! చుట్టూ మడులన్నీ ఎర్రగా మాడిపోతే, ఆవిడ నారొక్కటే నిలబడింది.

ఊరివాళ్లు తలలు వంచుకుని వచ్చారు. ఎందుకైనా మంచిదని ఎక్కువే చల్లింది కాబట్టి, మిగిలిన నారు అందరికీ పంచింది. నాలుగు తిట్లు తిట్టి మరీ పంచింది. తిట్టొద్దా మరి!

కోతల ముందు తిరుపతిరావు బండేసుకుని వచ్చాడు. గట్టు మీదున్న వెంకటసుబ్బారావుని పలకరించి, "పొక్లెయిన్ ఎప్పుడు పంపమంటారండీ?" అన్నాడు.

వెంకటసుబ్బారావు నడుముల్లోతు చేలో నిలబడ్డ భార్య వైపు చెయ్యి చూపించాడు. "నన్నడుగుతావేంటయ్యా? అదుగో, పొలంగలావిడ అక్కడుంది. ధైర్యముంటే ఎళ్లి అడుగు."

తిరుపతిరావు ఆవిడ వంక ఒక్కసారి చూసి, బండి వెనక్కి తిప్పుకున్నాడు.