నా ముఖం చూసి రాసే కాగితం

మా తోడికోడలు ఒక కౌన్సెలింగ్ సెంటర్‌కి ప్రకటనలు రాస్తుంది. మా ఆయన పోయిన దగ్గర్నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి, రాసినవి నాకు చదివి వినిపిస్తోంది. చదివేటప్పుడు దాని కళ్లు కాగితం మీద ఉండవు, నా ముఖం మీదే ఉంటాయి. గుమ్మం పక్కన నేనింకా తీయని మా ఆయన చెప్పుల వంకా చూస్తుంది. వెంటనే పెన్ను తీస్తుంది. నా ఏడుపుని ప్రకటనలో పెట్టి అమ్ముకుంటోందని నాకు అనుమానం పట్టుకుంది.

మొన్న వస్తూనే, "ఇది మా ఓనరు రాసిచ్చాడు, వినక్కా" అని చదివింది. "ఆరు వారాల్లో మీ దుఃఖం మాయం!"

"మాయమవడానికి అదేమన్నా బట్ట మీద మరకా?" అన్నాను.

అది గబగబా ఏదో రాసుకుంది. నాకు ఒళ్లు మండి కాగితం లాక్కున్నాను.

"నా మాటలు అచ్చేయించుకుంటావా?"

"నువ్వే చూడక్కా."

కూడబలుక్కుంటూ చదివాను. ఆరు వారాల మాట కొట్టేసి, పక్కన "అక్కకి కోపం వచ్చింది, వద్దు" అని రాసి ఉంది. దాని పైన "నవ్వుతూ వెళ్తారు" అన్నది కొట్టేసి, "అక్క తల తిప్పుకుంది" అని ఉంది. చివరికి మిగిలింది ఇంతే: "వచ్చి కూర్చోండి. మాట్లాడాలనిపిస్తేనే మాట్లాడండి."

"ఇంత చప్పగా రాస్తే ఎవరొస్తారే?"

"ఓనరూ అలాగే తిడుతున్నాడు. నీ ముందు చదవలేని మాట నేను బయటికి పంపనక్కా."

అది కాగితం నా దగ్గరే వదిలి వెళ్లాక, అందులో రెండుసార్లు వెతికాను, చెప్పుల ఊసు ఎక్కడైనా పెట్టిందేమోనని. లేదు. అయినా వచ్చే శనివారం ఏం తెస్తుందో, అదీ ముందు నేనే వినాలి.