మామ గుంట మీద నా డాక్టరేటు

పోయిన వారం, ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివిన అమ్మాయి ఇంటికొచ్చి, ఫోను నా ముక్కు కింద పెట్టి, ఇది చూడండి మేడమ్ అంది. ఏదో పెద్ద యూనివర్సిటీ వాళ్ల ప్రకటన. బొగ్గూ డీజిలూ మానుకుని ఎండ కరెంటుకూ గాలి కరెంటుకూ ఊళ్లు ఎలా మారాలో ప్రణాళిక వేసే పరిశోధనకు పిహెచ్‌డి సీటు, నెలనెలా ఫెలోషిప్పు, ఊళ్లు తిరగడానికి ఖర్చులు, అన్నీ వాళ్లే ఇస్తారట. కళ్లజోడు తుడుచుకుని కింది దాకా చదివాను. స్థానిక ప్రజల భాగస్వామ్యం తప్పనిసరి అని రాసిన చోట నా చూపు ఆగిపోయింది. ఇంకా ఆలోచన దేనికి, ఈ రోజే దరఖాస్తు పెట్టు అని ఆ పిల్లకు గట్టిగానే చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను.

అచ్చం అలాంటి సీటే నాకూ ఒకప్పుడు వచ్చింది, అదీ నలభై దాటాక. ఆ వయసులో పుస్తకాల సంచి భుజాన వేసుకుని హాస్టలుకు పోతానంటే చుట్టాలు ఎన్ని రకాలుగా నవ్వుతారో మన ఈడు ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. కావలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని, ఈ వయసులో డాక్టరేటు ఏ గోడకు వేలాడదీస్తుందట అని మా ఆడపడుచు నా ముందే అంది. నవ్వనిది మా మేనమామ ఒక్కడే. వాళ్లే డబ్బులిచ్చి చదివిస్తామంటే పోకుండా ఇంకా ఏంది పాపా నీ ఆలోచన అని కసిరి, బస్టాండుకు తనే నా పెట్టె మోసుకొచ్చాడు.

మామకు బోగోలు దగ్గర, సముద్రం హోరు వినబడేంత దూరంలో, ఒక రొయ్యల గుంట ఉండేది. రొయ్య సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. గుంటలో నీళ్లకు ఎప్పుడూ గాలి తగులుతూ ఉండాలి, అందుకోసం ఏరియేటర్లని చక్రాలు తిరుగుతూ నీళ్లను చిలుకుతుంటాయి, కరెంటు పోతే వెంటనే డీజిల్ ఇంజను అందుకోవాలి, లేదా తెల్లారేసరికి రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది. ఆ డీజిల్ పొగా మోతా లేకుండా, సోలార్ పలకలతో, బ్యాటరీలతో ఆ చక్రాలను తిప్పవచ్చా అన్నదే నా పరిశోధన. కాగితం మీద లెక్కలు బాగానే వచ్చాయి, ఇక ఒక నిజమైన గుంట కావాలన్నారు మా గైడుగారు. నేను ఏ రైతును అడిగినా, కాలేజీ వాళ్ల ప్రయోగాలకు మా పంటే దొరికిందా అని మొహం మీదే అన్నారు, అందులో తప్పేమీ లేదు. మామ మాత్రం నా నోట్లో మాట పూర్తికాకముందే తన గుంట ఇచ్చేశాడు.

ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలికపడుతుంది. పొద్దున్నే మామ తువ్వాలు తడిపి ఒక్కొక్క పలకనూ తన మోటారుసైకిలు తుడుచుకున్నంత ముద్దుగా తుడిచేవాడు. నీళ్లలో గాలి ఎంత ఉందో, బ్యాటరీలో కరెంటు ఎంత మిగిలిందో క్షణక్షణం నమోదు చేసే చిన్న పెట్టె ఒకటి గట్టు మీద గుంజకు బిగించాము, దాన్ని దారిన పోయేవాళ్లందరినీ ఆపి చూపించేవాడు. అత్త తెచ్చిన క్యారియరు విప్పుకుని కాపలా పాకలో ముగ్గురం కలిసి తినేవాళ్లం. రొయ్య కూడా నిండుగా ఎదిగింది. చదువంటే ఇంత సుఖంగా ఉంటుందా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది.

పాత డీజిల్ ఇంజను మాత్రం గట్టు మీద నుంచి కదపవద్దని మొదటి రోజే నేనూ చెప్పాను, మా గైడుగారూ చెప్పారు. అట్టాగేనని తలూపాడు. కానీ టీ అంగడి దగ్గర మగవాళ్లు ఊరుకుంటారా? ఏందన్నా, మేనకోడలి చదువు మీద నమ్మకం లేకనే ఇంజను పక్కనబెట్టుకుని పడుకుంటుండావా అని రోజూ ఆటపట్టించారట. తనను ఏమన్నా నవ్వి ఊరుకునే మనిషి, నా చదువును అన్నారనేసరికి రోషం పొడుచుకొచ్చి, ఇంజనును ట్రాలీ ఎక్కించి తన తోడల్లుడి గుంటకు పంపేశాడు. నేను యూనివర్సిటీలో ఉన్నాను, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొద్ది రోజుల్లో వలేసి రొయ్య పట్టుబడి చేస్తారనగా వాయుగుండం పట్టింది. రోజుల తరబడి ముసురు, ఎండ పొడ లేదు, ఈదురుగాలికి స్తంభాలు పడి లైను కరెంటూ పోయింది. బ్యాటరీలు ఉన్నంతసేపు చక్రాలను తిప్పి తిప్పి ఆగిపోయాయి. తోడల్లుడి గుంట నుంచి ఆ బురదలో ఇంజను వెనక్కి వచ్చేలోపే అంతా అయిపోయింది. అత్త ఫోను చేసి ఏడుస్తుంటే ఏం జరిగిందో కూడా సరిగ్గా అడగలేకపోయాను, దొరికిన బస్సెక్కి సాయంత్రానికి గట్టు మీదికి చేరాను.

చచ్చిన రొయ్యను గుట్టలు పోసి సున్నం చల్లుతున్నారు. టీ అంగడి మగవాళ్లందరూ అక్కడే ఉన్నారు, పారలు తీసుకుని పని చేసుకుంటూ పోయారు. మామ నా దగ్గరికి వస్తుంటే తిట్టడానికే వస్తున్నాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చి, "నీ పెట్టె తడిసిపోతాదని ఇంట్లోకి తెచ్చి పెట్టినాను పాపా. మంచం మీదుండాది, చూసుకో" అన్నాడు.

ఇంటికి పోయి చూస్తే, అత్త పాత చీరలో నాలుగు మడతలు చుట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఉంది. అందులో లెక్కలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

తప్పు నాదని ఎవరూ అనలేదు. ఆ మాటకొస్తే నేనూ అనుకోను, చెప్పాల్సింది చెప్పాను. కానీ మరుసటి నెల నా ఫెలోషిప్పు ఎప్పటిలాగే నా ఖాతాలో పడింది, మామ ఆ కారు పంటకు గుంటలో రొయ్య పిల్ల వేయలేక ఎండగట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆ పెట్టెలోని లెక్కలతోనే నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం తయారైంది. చివరి మౌఖిక పరీక్ష అందరి ముందూ జరుగుతుంది, ఇంటివాళ్లు కూడా రావచ్చు. వద్దన్నా వినకుండా మామా అత్తా వచ్చారు, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో బిగుసుకుని కూర్చున్నాడు. దూరం నుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథమంతటిలోకీ విలువైనది ఆ గుంట అధ్యాయమేననీ, ఒక వ్యవస్థ కుప్పకూలడాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇలా నమోదు చేసే అవకాశం దొరకడం అరుదనీ, పరిశోధకురాలు అదృష్టవంతురాలనీ ఇంగ్లీషులో పొగిడాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. తెర మీద గుంట ఫొటో చూసి గుర్తుపట్టి, అత్తను మోచేత్తో పొడిచి, మామ కూడా చప్పట్లు కొట్టాడు.

భోజనాల దగ్గర, మన గుంట గురించి ఆ సారు ఏందో చెప్పినాడే అని అడిగాడు. అదృష్టం అన్న మాటను తెలుగులో నేను ఆయనతో ఎలా అనను? బాగుందన్నారు మామా అన్నాను. ఆయన మొహం వెలిగిపోయి, "చూస్తివా, పోయింది పోయినా మన గుంట చదువుకు అక్కరకొచ్చిందంట" అని అత్తతో అన్నాడు.

ఇప్పుడు కావలి నుంచి బోగోలు వైపు పోతుంటే గుంటల దగ్గర సోలార్ పలకలు కనిపిస్తూనే ఉంటాయి. ఇంజను గట్టు దాటనివ్వద్దని వాటిని బిగించేవాళ్లే రైతు చేత ఒట్టు వేయించుకున్నంత పని చేస్తారు. మామ గుంట లీజుకు పోయింది, పట్టిన వాళ్లు చక్కగా పంట తీస్తున్నారు. మామ అడిగి మరీ తీసుకున్న నా గ్రంథం మాత్రం వాళ్లింట్లో టీవీ పక్కన ఉంది. ఇంగ్లీషు చదవలేడు గానీ గుంట గ్రాఫు ఉన్న పేజీ ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. ఎవరొచ్చినా తెరిచి, సాఫీగా సాగి సాగి ఒక్కసారిగా అడుక్కి పడిపోయిన గీత మీద, సరిగ్గా ఆ అడుగున వేలు పెట్టి, ఇదే మా గుంట, మా పాప రాసింది అని గర్వంగా చెబుతాడు.

ఒకప్పుడు ఆ ఇంటికి చెప్పాపెట్టకుండా, చెప్పులు వాకిట్లో విసిరేసి, తిన్నగా వంటింట్లోకి పోయేదాన్ని. ఇప్పుడు ముందుగా అత్తకు ఫోను చేసి, ఇంటికి చుట్టాలెవరైనా వచ్చి ఉన్నారా అని అడుగుతాను. ఎవరూ లేరంటేనే బయలుదేరుతాను.