సంచి వెనుక వైపు

ఖనిజ లవణాల సంచి మూతికి కుట్టిన దారం లాగగానే ఒక వాసన పైకి లేస్తుంది. చెరకు మడ్డి, ఉప్పు, తడిసిన ఇనుము కలిసిన వాసన. అమెరికా మిజూరీ రాష్ట్రంలోని ఈ చిన్న ఊళ్ళో, మా దాణా కంపెనీ గోదాములో పనిచేసేవాళ్ళు దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే పాపారావు సార్ గుర్తొస్తారు. నిన్న పొద్దున కూడా అదే జరిగింది. కొత్తగా వచ్చిన సంచి ఒకటి విప్పి, చూపుడు వేలు అందులో అద్ది, నాలుక కొసకు తాకించుకున్నాను. చేదుగా ఉంది. పక్కనున్న ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ నా వంక అదోలా చూశాడు. ఏళ్ళ క్రితం నేనూ సార్ వంక అలాగే చూశాను.

పాపారావు సార్ మా కంపెనీలో పశుపోషణ నిపుణుడు. గుంటూరు వైపు మనిషి. నేను చేరేనాటికే ఆయన ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. రైతులు "పాప్" అని పిలిచేవారు. జన్మలో మాంసం ముట్టని మనిషి, మాంసం కోసం పెంచే ఆవుల బాగోగులు చూస్తూ బతికారు. స్టీలు డబ్బాలో పులిహోర పెట్టుకుని పచ్చిక బయళ్ళన్నీ తిరిగేవారు. ఇక నా సంగతి చెప్పాలంటే, కరీంనగర్ దగ్గరి పల్లెలో పుట్టి, హైదరాబాద్‌లో పశువైద్యం చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేయనిచ్చే ఓపీటీ అనుమతి మీద ఆయన కింద చేరాను. మా అమ్మ చుట్టాలందరికీ "డెయిరీలో చేస్తుంది" అని చెప్పేది. నేనూ దిద్దలేదు.

మొదటి రోజే నన్ను పికప్‌లో ఎక్కించుకుని లిండా అనే ఆవిడ పొలానికి తీసుకెళ్ళారు. లిండాకు అరవై ఏళ్ళుంటాయి. భర్త పోయాక ఎనభై నల్ల ఆంగస్ జాతి ఆవుల్ని ఒక్కతే చూసుకునేది. ఏటా వసంతంలో దూడలు, వేసవి మొదట్లో మందలోకి ఆబోతులు, శరత్కాలంలో చూడి పరీక్ష. ఆమె ఏడాదంతా ఆ పరీక్ష మీదే ఆధారపడి ఉండేది. బయలు మధ్యలో ఒక రబ్బరు తొట్టి ఉంది. అందులో బూడిద రంగు పొడి.

"ఏమ్మాయ్, మీ ఇంట్లో గేదెలకి మినరల్ మిక్స్చర్ ఎట్లా పెడతారు?" అని అడిగారు సార్.

"కుడితిల గుప్పెడు కలుపుతం సార్."

"మరి ఇక్కడెవరు కలుపుతారు?"

చుట్టూ చూశాను. ఎనభై ఆవులు, ఒక తొట్టి. మనిషన్నవాడు లేడు. "అవే తినాలె సార్" అన్నాను.

"తినకపోతే? లేకపోతే పండగ చేసుకుని రెట్టింపు తినేస్తే?" అంటూ వేలు పొడిలో అద్ది నాలుకకు రాసుకున్నారు. నన్నూ రాసుకోమన్నారు. మెగ్నీషియం ఎక్కువైతే చేదెక్కుతుందని, చేదెక్కితే ఆవు ముట్టదని అలా నోటితోనే నేర్పారు. ఆ తర్వాత తొట్టిలో మిగిలింది తూకం వేసి, తొట్టి అంచు మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాశారు. "సంచి మీద రోజుకి ఇంత తింటుందని రాస్తారు. ఆవు అది చదవదు కదా. వారం వారం నువ్వే తూచుకోవాలి" అన్నారు.

నిజం చెప్పాలంటే ఆయన పిరికిమనిషి అనుకున్నాను. గేటు గొలుసు రెండుసార్లు లాగి చూసేవారు. వానొస్తే తొట్లు తడిశాయేమోనని ఫోన్లు చేసేవారు. ఇంత అనుభవం ఉండి ఈ కంగారేమిటని లోలోపల నవ్వుకునేదాన్ని.

రెండో ఏడు మార్చిలో ఆయన మోకాలి ఆపరేషన్‌కి ఆరు వారాలు సెలవు పెట్టారు. అప్పుడే లిండా ఫోన్ చేసింది. పాప్ ఇచ్చే సంచి ధర పెరిగిపోయింది, తక్కువలో ఏదైనా ఉందా అని. నా హెచ్-వన్ వీసా కాగితాలు ఆ నెలలోనే కంపెనీ పంపాల్సి ఉంది. నేనూ పనికొస్తానని చూపించుకోవాలన్న తహతహ. గోదాములో రెండు సంచులు పక్కపక్కన పెట్టి అంకెలు చూశాను. రాగి, జింకు, సెలీనియం, అన్నీ సమానం. ఒకటి మాత్రం మూడోవంతు చవక. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన ఖనిజ మిశ్రమం ఒక్కటే రకం. పశువుల ఆసుపత్రి పక్క దుకాణంలో ప్యాకెట్ కొంటాం, కలుపుతాం, అయిపోయింది. అందులో ఏ రాగి ఉందని ఎవరూ అడగరు. సార్‌కి ఒక్క మాట ఫోన్ చేయాల్సింది. చేయలేదు. చవక సంచులే లిండాకు పంపించాను. ఆమె చాలా సంతోషించింది, నేను అంతకన్నా.

సార్ సెలవు నుంచి వచ్చినా ఇంకా పొలాలకు తిరగలేకపోవడంతో, జూలైలో తొట్టి తూచడానికి నేనే వెళ్ళాను. నలభై ఒకటో నంబరు ఆవు ఎప్పటిలాగే నా దగ్గరికి వచ్చింది. మందలో అందరికన్నా పెద్దది, నన్ను చూస్తే చొక్కా చెయ్యి నాకడం దానికి అలవాటు. చెవి పక్క గోకుతుంటే దాని వెంట్రుకలు కనబడ్డాయి. నల్లగా నిగనిగలాడాల్సిన ఒళ్ళు తుప్పు రంగుకు తిరిగింది. తలెత్తి చూస్తే ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. రాగి అందకపోతే నల్ల ఆవు వెంట్రుక ఎర్రబడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే. రాగి అందని ఆవు సరిగ్గా ఎదకు రాదు, వచ్చినా చూడి నిలవదు. ఆబోతులు మందలోకి వదిలి అప్పటికే నెల దాటింది. చూడి కట్టని ఆవును ఇక్కడ ఎవరూ మేపరు. అది నేరుగా కబేళాకు పోతుంది.

ఎండకు కూడా వెంట్రుక అలా మారుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట పట్టుకుని ఎనిమిది రోజులు నోరు మెదపలేదు. అన్నం సయించలేదు. ఫోన్ మోగితే లిండా అనుకుని ఉలిక్కిపడేదాన్ని. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే చదువు కోసం చేసిన లోన్ ఉంది. ఈ లెక్కల్లో ఒక్కసారి కూడా నలభై ఒకటో నంబరు ఆవు పేరు రాలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తొమ్మిదో రోజు, చేతికర్రతో ఆఫీసుకు వస్తున్న సార్ ముందు నిలబడి చెప్పేశాను. ఆయన గోదాములోకి నడిచి ఆ చవక సంచిని ఇవతలికి లాగించి, బోర్లా తిప్పారు. వెనుక వైపు, చీమ తలకాయంత అక్షరాల్లో, ఏ వస్తువు దేనితో చేశారో రాసి ఉంది.

"చదువు" అన్నారు.

"కాపర్ ఆక్సైడ్."

"ముందు వైపు రాసేది ఎంత రాగి ఉందని. వెనుక వైపు రాసేది ఏ రాగి అని. ఈ పొడి ఒంటికి పట్టదమ్మా, చాలామటుకు పేడలోనే పోద్ది. పైగా లిండా బోరు నీళ్ళు గంధకం కంపు. పట్టిన కాస్త రాగినీ ఆ నీళ్ళే కట్టేస్తాయి. కారు తియ్యి."

"ఎక్కడికి సార్?"

"లిండా దగ్గరికి. నువ్వే చెప్పాలి."

దారిలో సార్ కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడారు. కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయనా ఒక రైతుకు చవక సంచి ఇచ్చారట. "నాకు జూలైలోనే అనుమానమొచ్చింది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. నోరు మూసుకున్నా. అక్టోబర్లో ఆ మనిషి చూడి పరీక్ష పెట్టించుకుంటే మందలో మూడోవంతు ఖాళీ. ఆ ఏడే మొత్తం అమ్మేశాడు. కారణమేంటో అతనికి ఇప్పటికీ తెలీదు." నా వైపు తిరిగి, "నాకు భయం ఎక్కువని నవ్వుకుంటావుగా, నాకు తెలుసులే" అన్నారు. సిగ్గుతో నేను రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

లిండా వాకిట్లో నిలబడే వింది. నేను ఏ సంచి పంపానో, ఎందుకు పంపానో, ఆవుల ఒళ్ళు ఎలా మారిందో చెప్పాను. సార్ సాయం రాలేదు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని అడిగింది లిండా.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఎనిమిది రోజులు" అన్నాను.

"ఎనిమిది రోజులు" అని ఆమె తనలో తాను అనుకుని, వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళింది.

డాక్టర్ కొన్ని ఆవుల కాలేయం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాడు. రాగి అడుగంటింది. ఇంజెక్షన్లు వేశారు, ఆబోతుల్ని ఇంకో మూడు వారాలు మందలో ఉంచారు. సంచి మార్చేటప్పుడు నేను భయం కొద్దీ అన్నింటికన్నా ఖరీదైనది తీశాను. సార్ దాన్ని పక్కకు తోసేశారు. "ఇందులో భాస్వరం దండిగా ఉంది. ఆమె గడ్డి పరీక్ష చూడు, భాస్వరం గడ్డిలోనే ఉంది. ఉన్నదాన్నే మళ్ళీ కొనిపిస్తావా? భయపడి ఎక్కువ పెట్టడం కూడా చూడకుండా పెట్టడమేనమ్మా" అన్నారు. రాగి సల్ఫేట్ రూపంలో ఉన్న మధ్యరకం సంచి ఎంచి, వారం వారం నాతోనే తొట్టి తూయించారు.

అక్టోబర్ పరీక్ష రోజు లాంటి రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. ఆవులు ఒక్కొక్కటిగా ఇనుప చట్రంలోకి వస్తాయి. డాక్టర్ భుజందాకా తొడుగు వేసుకుని లోపల తడిమి ఒక్క మాట అంటాడు. "బ్రెడ్" అంటే చూడి. "ఓపెన్" అంటే ఖాళీ. ఓపెన్ అన్నప్పుడల్లా లిండా ఆవు వీపు మీద సుద్దతో ఒక గీత గీసేది. మామూలు ఏడాది అయిదారు ఖాళీ ఉంటాయి. ఆ రోజు పధ్నాలుగు. నలభై ఒకటి చట్రంలోకి వచ్చినప్పుడు నేను దాని పక్కకు వెళ్ళి నిలబడ్డాను. డాక్టర్ చాలాసేపు తడిమాడు.

"ఓపెన్."

లిండా గీత గీసి, దాని వీపు మీద అరచెయ్యి కాసేపు ఉంచింది. సాయంత్రం అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఆ మూడు వారాల పొడిగింపులో పదకొండు ఆవులు ఆలస్యంగా చూడి కట్టాయని డాక్టర్ అన్నట్టు చెప్పింది. "మీరు రాకపోతే అవీ పోయేవి" అంది. మన్నించానని మాత్రం అనలేదు. దాణా మా దగ్గరే కొనసాగించింది.

తిరుగు దారిలో ఏడుస్తూనే అడిగాను. "ఎనిమిది రోజులు ముందు చెప్పి ఉంటే నలభై ఒకటి దక్కేదా సార్?"

దక్కేది కాదులే అంటారని ఎదురుచూశాను. ఆయన అనలేదు. "తెలీదమ్మా. నాకూ ముప్ఫై ఏళ్ళ నుంచి తెలీదు" అని, పులిహోర డబ్బా తెరిచి నా ఒళ్ళో పెట్టారు. పొద్దుటి నుంచి ఆయనా ఏమీ తినలేదని అప్పుడు గమనించాను.

నా వీసా వచ్చింది. కంపెనీ నన్ను పంపేయలేదు, సార్ నా తరఫున ఏం మాట్లాడారో ఎప్పుడూ చెప్పలేదు. రిటైరై అరోరా అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన చలికాలంలో అక్కడే కన్నుమూశారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. సంచి ఏదొచ్చినా ముందు బోర్లా తిప్పి చదువుతాను. గేటు గొలుసు రెండుసార్లు లాగి చూస్తాను.

ఈ రోజు పొద్దున ఒక రైతు పొలం పక్కగా వెళ్తూ ఆగాను. కంచె దగ్గర మేస్తున్న నల్ల ఆవు నడుం మీద ఎండ పడింది. ఎర్రగా కనబడింది. ఎండ వల్లే కావచ్చు. ఆ రైతుకు సంచి ఎంచి ఇచ్చింది నేనే. భయం వేసింది, ఎన్నేళ్ళయినా అది మారలేదు. కారులో కూర్చుని, ఇంజిన్ ఆన్ చేయకముందే ఆయనకు ఫోన్ చేశాను. "మీ ఆవుల్లో నాకేదో కనిపించింది. తప్పు నాదే కావచ్చు. ఇప్పుడే వస్తున్నాను" అన్నాను.