డిన్నీ గొయ్యి ఎవరు తవ్వాలి?

మా ఊళ్ళో గొయ్యి తవ్వడానికి కూలివాళ్ళు ఉండరు. ఎవరైనా పోతే ఇరుగుపొరుగు మగవాళ్ళే పారలు పట్టుకుని వెళ్తారు. పోయినవాళ్ళ సొంతవాళ్ళు మాత్రం పార ముట్టకూడదు. వాళ్ళ పని చర్చిలో ముందు వరసలో కూర్చుని, పరామర్శకి వచ్చినవాళ్ళందరితో చెయ్యి కలపడం.

మోసీ గిల్ ఆ వరసలో ఎప్పుడూ కూర్చోలేదు. చిన్నతనంలోనే అనాథాశ్రమం నుంచి టాంగ్నీ దంపతుల ఇంటికి పొలం పనికని తెచ్చారతన్ని. ఆ ముసలివాళ్ళని చివరిదాకా చూసుకున్నది అతనే. తీరా వాళ్ళు పోయాక, ఏనాడూ గుమ్మం తొక్కని మేనల్లుళ్ళు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మోసీ గొయ్యి తవ్వి, శ్మశానం గోడ అవతల టోపీ తీసి నిలబడ్డాడు. ఆ మేనల్లుళ్ళ పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మంట.

తర్వాత మోసీకి మిగిలింది పక్కింటి డిన్నీ క్వర్క్. అతనూ పెళ్ళీ పెటాకులూ, నా అన్నవాళ్ళూ లేనివాడే. పొద్దున లేస్తే కంచె దగ్గర ఇద్దరికీ రభస.

“నీ ఆవు మళ్ళీ నా క్యాబేజీ మేసిందిరా, దొంగ వెధవా!” అని అరిచేవాడు డిన్నీ.

“దానికి దండం పెట్టుకో. నీ క్యాబేజీ మనుషులెవరూ తినలేరు.”

సాయంత్రానికి ఒకే పొయ్యి దగ్గర టీ తాగుతూ కనిపించేవారు. పోయిన చలికాలం డిన్నీ మంచం పట్టాడు. వసంతం రాకుండానే పోయాడు.

మర్నాడు అందరికంటే ముందు మోసీయే పార పట్టుకుని శ్మశానానికి వెళ్ళాడు. తవ్వేవాళ్ళకి టీ, రొట్టె తెచ్చిన కొట్టు నడిపే బ్రీడా అతన్ని చూసి ఆగిపోయింది.

“ఆ పార ఇటివ్వు మోసీ.”

“నేల తడిగా ఉంది. ఈ కుర్రాళ్ళకి వదిలేస్తే అంచులు కూలగొడతారు.”

“కూలితే కూలనీ. సొంతవాళ్ళు తవ్వకూడదు.”

“నేనేం సొంతం? పక్కింటివాణ్ణి.”

“చలికాలమంతా వాడికి గడ్డం గీసిందెవరు? సూప్ తాగించిందెవరు, నేనా? వెళ్ళి కోటు వేసుకో. ముందు వరస ఖాళీగా ఉంటే వాడి పరువేం కాను?”

మోసీ పార వదల్లేదు. “నేనక్కడ కూర్చుంటే జనం నవ్వుతారు బ్రీడా. వాడికి నేను చెయ్యగలిగింది ఇదొక్కటే. ఇది కూడా లాక్కోకు.”

ఎవరూ నవ్వలేదు. కీరన్ అనే కుర్రాడు వచ్చి, మెల్లగా పార తీసుకున్నాడు. “నీ అంత బాగా కాదుగానీ, సరిగ్గానే తవ్వుతాంలే” అన్నాడు.

చర్చిలో ముందు వరసలో మోసీ ఒక్కడే కూర్చున్నాడు. అతన్ని చూస్తే నాకు ఏడుపు ఆగలేదు. ప్రార్థన అయ్యాక ఊరంతా వరస కట్టింది. “పెద్ద కష్టం వచ్చింది మోసీ” అంటూ ఒక్కొక్కరే చెయ్యి కలుపుతున్నారు. మొదట వచ్చినవాళ్ళకి అతను, “నేను పక్కింటివాణ్ణండీ” అని చెప్పుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. చెయ్యి పట్టుకుని, అదే మాట అని, ముందుకి కదిలారు. కాసేపటికి అతనూ చెప్పడం మానేశాడు.

నా వంతు వచ్చింది. నేను నోరు తెరవకముందే నా చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

“మావాడు పోయాడమ్మా” అన్నాడు.